తెల్ల రంగు కింద పేరు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది నల్లపాడు స్టేషను దగ్గర ఆటో తోలే మాలిక్. మాలిక్ అబద్ధాలకోరు కాడు గానీ తొందర మనిషి. మూడు వీధుల కథని ఒక్క సందులోంచి దూర్చి తీసుకుపోదామని చూస్తాడు. అందుకని వాడు చెప్పింది చెప్పినట్టు నమ్మలేదు. సుభానీ కొట్టుకి రెండుసార్లు, పుల్లమ్మ ఇంటికి మూడుసార్లు వెళ్లి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు తప్పులు ఏరి ఇప్పుడు చెబుతున్నాను. ఇంకా ఎక్కడైనా తేడా ఉంటే ఆ తప్పు మాలిక్‌ది కాదు, నాది.

సుభానీకి అరవై ఆరేళ్లు. స్టేషనుకి కుడిచేతి వైపు (మాలిక్ ఎడమ అన్నాడు, తప్పు) రోడ్డు వారగా చిన్న కొట్టు. పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తి గుమ్మంలో నీళ్లు చల్లుతాడు. తర్వాత టీ. తర్వాత మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు. మోటారు కాలితే తీగ చుడతాడు, బుష్షు అరిగితే బుష్షు మారుస్తాడు. వస్తువుని పాడుచేసి తెచ్చినవాళ్లని ముందు నాలుగు మాటలని, ఆ తర్వాతే బాగుచేస్తాడు. పసుపుకొమ్ములు వేసి మిక్సీ తగలేసిన ఆడవాళ్లకి ఆ కొట్టు మెట్టెక్కాలంటే భయం.

మధ్యాహ్నం భోజనం అయ్యాక వెనక గదిలోకి వెళ్తాడు. ఆ గదిలో ఫ్యాన్లూ లేవు, మిక్సీలూ లేవు. గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా చిన్న రికార్డులు. అన్నం తినే పళ్లెంలో సగం ఉంటుంది ఒక్కోటి. వైపుకి ఒకే పాట. పాత సామాన్లు కొనే బండ్లవాళ్ల దగ్గర, మూతబడ్డ మైకు సెట్లవాళ్ల దగ్గర, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర ముప్పై ఏళ్లుగా ఏరుకొచ్చినవి. తెచ్చిన ప్రతిదాన్నీ కుంకుడు రసం నురగతో కడిగి, చిలకలూరిపేట మిల్లు నుంచి అడిగి తెచ్చుకున్న మెత్తటి దూదితో తుడిచి, నీడన ఆరబెడతాడు. గుంటూరు ఎండ గట్టిగా గంటసేపు తగిలిందంటే రికార్డు అప్పడమైపోతుంది.

అన్నీ పాప్ పాటలే. గిటారు, డ్రమ్ములు, ఈలలు, కుర్రకారు గొంతులు. ఇంగ్లీషువి, హిందీవి, తమిళంవి, ఎప్పుడో ఒకటి తెలుగుది. సినిమా పాట ఊరికే ఇచ్చినా పుచ్చుకోడు.

"ఏమండీ, లోకమంతా ఏరుకునేవి వదిలేసి ఈ డబడబలే ఎందుకు మీకు?" అని ఆయన భార్య నసీమున్నీసా ఒకసారి అడిగింది.

"సినిమా పాటకి సినిమా ఉంది. పద్యానికి నాటకం ఉంది. భజనకి దేవుడున్నాడు. వీటికెవరున్నారు? నేనున్నాను" అన్నాడు.

నసీమున్నీసా మళ్లీ అడగలేదు. అరలు తుడిచేటప్పుడు మాత్రం, "మీ అనాథలకి స్నానం అయిందా?" అంటుంది.

ఈ పిచ్చి ఆయనకి ఎక్కడ అంటుకుందో కూడా చెప్పాలి. మీసాలు రాని రోజుల్లో సుభానీ చిలకలూరిపేటలో అలీ సాహెబ్ మైకు సెట్టులో పనిచేశాడు. చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో పెళ్లయినా, పేరంటమైనా, పత్తి మిల్లులో పూజయినా అలీ సాహెబ్ మైకే. అప్పట్లో ఒకే వీధిలో రెండు పెళ్లిళ్లుంటే రెండు మైకు సెట్లు దిగేవి, సర్దుకునే హడావిడిలో వీళ్ల రికార్డులు వాళ్ల పెట్టెలో, వాళ్లవి వీళ్ల పెట్టెలో పడేవి. పడ్డవి తిరిగి వచ్చేవి కావు. అందుకని మైకు సెట్లవాళ్లందరిదీ ఒకటే పద్ధతి. రికార్డు మధ్యలో ఉండే గుండ్రటి కాగితం మీద తెల్ల రంగు పూసి, ఆరాక దాని మీద నల్ల రంగుతో తమ పేరు రాసుకునేవాళ్లు. కొత్త రికార్డు మద్రాసు నుంచి వచ్చిన రోజే ఆ పని జరిగేది. పాట పేరు, పాడినవాళ్ల పేరు, వాయించినవాళ్ల పేరు అన్నీ ఆ తెల్ల రంగు కిందికి పోయేవి. అలీ సాహెబ్ కొట్లో ఆ బ్రష్షు పట్టింది సుభానీయే. చెయ్యి వణక్కుండా గుండ్రంగా పూసేవాడు. ఎంతమంది పేర్లు అలా పూడ్చాడో ఆయనకే లెక్క తెలియదు.

పోయిన ఏడాది తుళ్లూరులో ఒక పాత పెంకుటిల్లు పడగొడుతున్నారని తెలిసి సుభానీ పొద్దున బస్సుకే వెళ్లాడు. పొలం రాజధానికి ఇచ్చిన కుటుంబం అది. కొత్త మేడ కట్టుకున్నారు, పాతది పీకిస్తున్నారు. అటక మీది చెక్కపెట్టెలో విరిగిన పెద్ద రికార్డులు, ఎలకలు కొట్టిన క్యాలెండర్లు, అడుగున ఒక్క చిన్న రికార్డు. మధ్యలో తెల్ల రంగు. దాని మీద నల్లగా, 'అలీ సాహెబ్, పేట.' తన చేతిరాతని తనే గుర్తుపట్టాడు సుభానీ. యాభై ఏళ్ల కిందట ఆ ఇంటి పెళ్లిలోనే పోయిన రికార్డు అది. ఎవరు తీశారో నాకు తెలుసు. వాళ్ల మనవలు బాగానే బతుకుతున్నారు కాబట్టి చెప్పను.

కొట్టుకి తెచ్చి, కడిగి, తుడిచి, ఆరబెట్టి, సాయంత్రం అయిదింటికి ముల్లు పెట్టాడు. ముందు గిటారు టంగుమంది. తర్వాత డ్రమ్ములు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, పచ్చి మామిడికాయ కొరికినట్టు,

"పొద్దున తెల్లన, మర్నాడెర్రన,
పత్తిపువ్వా, నిన్నెవరేమన్నా!"

అని అందుకుంది. రెండో వైపు గొంతు లేదు, ఉత్త గిటారు. సుభానీ మళ్లీ మొదటి వైపు తిప్పాడు. మర్నాడూ అయిదింటికే పెట్టాడు. ఆ మర్నాడూ అంతే.

రికార్డు మీద పాడినవాళ్లకి ఉండే ఇబ్బంది అందరికీ తెలిసిందే. ఎవరో ఎక్కడో ఆ రికార్డు మీద ముల్లు పెడితే, పాడిన మనిషి ఎక్కడున్నా గొంతు లేస్తుంది, పాట అయ్యేదాకా పాడాల్సిందే. తెనాలి వైపు సన్నాయి ఊదిన ముసలాయన ఒకాయనకి అన్నం ముద్ద నోట్లో ఉండగానే బుగ్గలు ఉబ్బేవి, ఇంట్లోవాళ్లు కంచం పక్కకి జరిపి కూర్చునేవాళ్లు. గొప్ప గొప్ప పాటగాళ్ల సంగతంటారా, వాళ్లకి అలవాటైపోయి ఉంటుంది, మనకెందుకు. ఇది ముల్లుకే గానీ టేపులకీ సెల్‌ఫోన్లకీ లేదు. అందుకే మైకు సెట్లలోకి టేపులు వచ్చాక చాలామంది గొంతులు ఊపిరి పీల్చుకున్నాయి.

అలా ఊపిరి పీల్చుకున్నవాళ్లలో పుల్లమ్మ ఒకామె. నల్లపాడు పుల్లమ్మ, జక్రయ్య కూతురు. డెబ్బై ఒకటో ఏడు. బైపాసు పక్కన కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే పని. నలభైమంది ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఎర్రటి కుప్పల మధ్య తొడిమలు గిల్లుతుంటారు. ముప్పై ఏళ్లుగా చప్పుడు చెయ్యని పుల్లమ్మ గొంతు ఒక సాయంత్రం అయిదింటికి ఉన్నట్టుండి లేచింది. మూతిగుడ్డ లోంచే "పొద్దున తెల్లన" అందుకుంది.

"అదుగో, పుల్లమ్మత్తని ఎవరో పెట్టుకున్నారు" అంది పక్కన కూర్చున్నామె, చేతిలో పని ఆపకుండా.

"ఈ కాలంలో ఎవడే వాడు?" అంది ఇంకొకామె. అంతే. పాట అయ్యేదాకా అందరూ కాస్త చురుగ్గా గిల్లారు.

వారం గడిచింది. ఒకరోజు పని త్వరగా అయిపోయి, మాలిక్ ఆటోలో ఆడవాళ్లు ఇళ్లకి వెళ్తున్నారు. స్టేషను దగ్గరికి వచ్చేసరికి అయిదయింది. పుల్లమ్మ పాట అందుకుంది. ఆటో సుభానీ కొట్టు ముందుకి రాగానే అదే పాట, అదే గొంతు, యాభై ఏళ్లు చిన్నదై కొట్లోంచి వినిపించింది. రెండూ జంట ఎడ్లలా అడుగు కలిపి నడుస్తున్నాయి. మాలిక్ బ్రేకు వేశాడు.

"పుల్లమ్మా, నీ దొంగ దొరికాడు" అన్నాడు.

పుల్లమ్మ పాడుతూనే ఆటో దిగింది, పాడుతూనే మెట్టెక్కింది. పాట అయ్యాకే తిట్టగలిగింది.

"ఎవడయ్యా నువ్వు, అడక్కుండా ఆడమనిషి గొంతు పట్టుకు లాగేది? బుద్ధుందా? ఏమనుకుంటున్నావు నన్ను, పూట పూటా తిప్పుకోడానికి నీ ఇంటి కుళాయా?"

సుభానీ చేత తిట్లు తిన్నవాళ్లు ఉన్నారు గానీ, సుభానీని తిట్టినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆయన ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. లేచి స్టూలు చూపించాడు.

"కూర్చోక్కా. ఇది నీ గొంతా?"

"మరి నీ గొంతనుకున్నావా!"

నసీమున్నీసా నీళ్లు తెచ్చి ఇచ్చింది. నీళ్లు తాగాక పుల్లమ్మ కొంచెం చల్లబడి చెప్పుకొచ్చింది. పంతొమ్మిదేళ్లప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతోంది. ఆదివారం చర్చి గుడిలో పాటల బృందంలో ముందు నిలబడేది. గిటారు వాయించే జయపాల్ అనే అబ్బాయి, ఇంకో ముగ్గురూ కలిసి పాప్ పాట రికార్డు చేస్తామని ఆమెని మద్రాసు తీసుకెళ్లారు. ఒక్క పూటలో పాడించి సాయంత్రం రైలుకే ఎక్కించారు. ఆ తర్వాత జయపాల్ కనపడలేదు. రికార్డు మాత్రం ఊరూరా మోగింది.

"ముహూర్తాల నెలలొస్తే నాకు నిద్ర లేదు, తిండి లేదు. ఇటు ఒంగోలు వైపు నుంచి లాగితే ఒకసారి, అటు పేట వైపు నుంచి లాగితే ఇంకోసారి. ఎటు నుంచి లాగుతున్నారో కూడా తెలిసేది నాకు. పరీక్ష హాల్లో లేచింది, ట్రైనింగు పోయింది. మా ఆయన్ని పూడ్చేటప్పుడు లేచింది. ఒక ఆదివారం గుళ్లో దేవుని బల్ల ముందు, రొట్టె చేతిలో పెడుతుంటే 'పత్తిపువ్వా' అని లేచింది. పెద్దలు నన్ను పాటల బృందంలోంచి తీసేశారు. అప్పటినుంచి గుమ్మం బయటే కూర్చుంటున్నా, ఎప్పుడు లేస్తుందోనని."

ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "అయినా ఎక్కడో తృప్తి ఉండేదయ్యా. ఇన్ని ఊళ్లలో నా పేరు తిరుగుతోంది గదా అని. ఏదీ, ఇటియ్యి. ఒక్కసారి కూడా చూడలేదు నేను. మైకుల దగ్గర ఎప్పుడు తొంగిచూసినా ఇదిగో, ఈ తెల్ల సున్నమే" అంది.

"ఆ రంగు పూసింది నేనే అక్కా" అన్నాడు సుభానీ.

పుల్లమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే నువ్వే తీయ్."

రంగు కరిగించే థిన్నరు తగిలితే రికార్డు పాడవుతుంది. సుభానీ కొబ్బరినూనెలో దూది ముంచి, అద్ది అద్ది నానబెట్టి, చిటికెన వేలి గోటితో పెచ్చులు పెచ్చులుగా ఒలిచాడు. అరగంట పట్టింది. కాగితం చిరగలేదు. ముందు కంపెనీ గుర్తు కనపడింది. తర్వాత పాట పేరు. తర్వాత 'గిటారు: జయపాల్'. ఆ కింద, 'గానం: మిస్ లిడియా'.

పుల్లమ్మకి చదువొచ్చు. ఒకసారి చదివింది. వేలు పెట్టి రెండోసారి చదివింది.

"వెనకవైపు చూడు" అంది.

వెనకవైపు గానమే లేదు గదా.

"యాభై ఏళ్లు" అంది పుల్లమ్మ. "యాభై ఏళ్లు ఆ సున్నం కింద నేనున్నాననుకున్నా."

ఏడవలేదు. చెంగు దులుపుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఇకమీద పెట్టాలంటే కబురు చేసి పెట్టు. పెట్టొద్దనడం లేదు, అడిగి పెట్టమంటున్నా" అంది.

ఆ తర్వాత సుభానీకి మనసు నిలవలేదు. ఎవరీ లిడియా? పాత రికార్డులు ఏరుకునేవాళ్లకి సెల్‌ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది, ఆయనా అందులో ఉన్నాడు. రికార్డు ఫొటో తీసి, 'ఇందులో మిస్ లిడియా ఎవరో తెలిసినవాళ్లు చెప్పగలరు' అని పెట్టాడు. మంచికే పెట్టాడు. కానీ నన్నడిగితే ముందు పుల్లమ్మని అడగాల్సింది. అడిగి పెట్టమని ఆమె రికార్డుకి చెప్పింది గానీ ఫొటోకి చెప్పలేదని ఆయన వాదన.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. 'మా అమ్మ.'

నాలుగో రోజున హైదరాబాదు నుంచి కారులో ప్రసన్నకుమార్ దిగాడు. జయపాల్ కొడుకు. నలభై అయిదేళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. తండ్రి పోయి పదేళ్లు, తల్లి లిడియా పోయి ఏడాది. పాత రికార్డుల నుంచి అచ్చు తీసి కొత్తగా వేసే పని చేస్తాడు. ఇప్పుడు పట్నాల్లో కుర్రాళ్లు మళ్లీ ముల్లు పెట్టుకుని వింటున్నారట. సుభానీ రికార్డు చేతికిస్తే, రెండు చేతులా పట్టుకుని ఆ పేరు వంకే చూస్తూ ఉండిపోయాడు.

"సుభానీ గారూ, దేశమంతా వెతికాను. ఇది ఒక్కటే మిగిలింది. దీన్నుంచి అయిదొందలు వేస్తాను. అమ్మ పేరు నిలబడుతుంది" అన్నాడు.

సుభానీ రికార్డు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్కటీ తన దగ్గరే ఉందన్న గర్వం ఒకవైపు. అది కాదు అసలు సంగతి. ఒక్క ముల్లుకే అల్లాడిన మనిషి. అయిదొందల ఇళ్లలో అయిదొందల ముళ్లు పడితే, పుల్లమ్మకి ఇక పగలు లేదు, రాత్రి లేదు. డెబ్బై ఒకటేళ్ల గొంతు చచ్చేదాకా పాడుతూనే ఉండాలి. అదీ ఇంకొకామె పేరు మీద.

"ఇవ్వను" అన్నాడు.

"ఎందుకండీ?"

"పాడినామె ఒప్పుకోవాలి."

"అమ్మ లేదు గదండీ."

"ఉంది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. నసీమూ, మాలిక్‌కి ఫోన్ చెయ్."

పుల్లమ్మ మిరప ఘాటుతోనే వచ్చింది. ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే ప్రసన్నకుమార్‌కి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. సుభానీ సంగతంతా చెప్పాడు.

"మీ నాన్న గిటారు బాగానే వాయించేవాడు బాబూ" అంది చివరికి. "అబద్ధం ఇంకా బాగా వాయించాడు."

"అమ్మా, అలా అనకండి. నాన్న నాతో చెప్పాడు, మా అమ్మే పాడిందని."

"రికార్డు పెడితే మీ అమ్మ గొంతు లేచేదా?"

ప్రసన్నకుమార్ తల దించుకున్నాడు. "మా ఇంట్లో ఆ రికార్డు ఎప్పుడూ పెట్టనివ్వలేదు నాన్న. అమ్మ గొంతు అలిసిపోతుందనేవాడు. ఉన్న ఒక్కటీ ఎవరికో ఇచ్చేశాడు."

"చూశావా, నా గొంతు అలిసిపోతుందని మాత్రం అనుకోలేదు మహానుభావుడు!"

"మీరే పాడారని రుజువేంటండీ?" అన్నాడు ప్రసన్నకుమార్. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"పెట్టవయ్యా సాయిబూ. అదే రుజువు" అంది పుల్లమ్మ. అని, మెడ తడుముకుంది. "ఖర్మ. ఇతనికి రుజువు కావాలంటే నేనే గొంతు చించుకోవాలి. అయిదొందలమంది కొనుక్కుంటే నేను అయిదొందలసార్లు. ఎవరు పిలిచినా పరిగెత్తే పాలేరు బతుకైపోయింది."

టీ గ్లాసులు తీస్తున్న నసీమున్నీసా ఆగింది. "అవునక్కా, అడుగుతున్నానని ఏమనుకోవద్దు. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నోరు మూసుకుని చూశావా?"

"ఎందుకు మూసుకుంటాను?" అంది పుల్లమ్మ వెంటనే. "అక్కడ పెళ్లివాళ్లు పాట కోసం ఎదురుచూస్తుంటారు గదా. పెళ్లికొడుకు దిగే వేళకి పాట ఆగిపోతే ఆ పిల్ల తండ్రికి ఎంత మాటొస్తుంది!"

అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. కళ్లు చిన్నవి చేసి ఆ రికార్డు వంక చూసింది.

"పెట్టు" అంది.

సుభానీ ముల్లు దించాడు. గిటారు టంగుమంది. డ్రమ్ములు మొదలయ్యాయి. పుల్లమ్మ మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. పెదాలు బిగించింది. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టింది, ఇంకో చెయ్యి పనిబల్ల అంచు పట్టుకుంది. బల్ల మీది ఫ్యాను రెక్కలు గడగడలాడాయి. గొంతు రావాల్సిన చోటు వచ్చింది. రికార్డు తిరుగుతోంది, ముల్లు నడుస్తోంది. గిటారుంది, డ్రమ్ములున్నాయి, మధ్యలో పాట ఉండాల్సిన చోట ఉత్త గాలి. మొదటి చరణం అలాగే పోయింది. రెండో చరణానికి ఆమె నోటి మీంచి చెయ్యి తీసేసింది. ఇక బిగించాల్సిన పని కూడా లేకపోయింది. ఊరికే కూర్చుంది. రికార్డు మూగగా తిరిగి తిరిగి ఆగింది.

 గుమ్మంలో మాలిక్ కూడా నోరు మూసుకున్నాడంటే చూసుకోండి.

"పలుపుతాడు గొడ్డునే లాగుతుందనుకున్నా ఇన్నాళ్లూ" అంది పుల్లమ్మ నెమ్మదిగా. "గొడ్డు మొండికేస్తే పట్టుకున్నవాడే బోర్లా పడతాడు."

తర్వాత, "ఇంకోసారి పెట్టు. ఇప్పుడు నా ఇష్టం మీద పాడతా" అంది.

పాడింది. అంత బాగా ఆమె మద్రాసులో కూడా పాడలేదని, రికార్డులోని గొంతు కూడా ఆమెతో పాటే మెరుగైందని సుభానీ అంటాడు. ప్రసన్నకుమార్ పాట సగంలో ఉండగానే కళ్లు తుడుచుకున్నాడు.

"మా అమ్మ ఎప్పుడూ కూనిరాగం కూడా తీయలేదండీ" అన్నాడు. "నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను."

"మీ అమ్మ మీద నాకేం కోపం లేదు బాబూ. ఆమెనీ అడిగి వేసి ఉండడు మీ నాన్న ఆ పేరు. తీసుకెళ్లు. అయిదొందలు కాకపోతే వెయ్యి వేసుకో. కాగితం మీద నా పేరుండాలి. పేరుంటే పాట, లేకపోతే లేదు."

"మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు ప్రసన్నకుమార్.

మూడు నెలలకి పార్సిలు వచ్చింది. మెరిసిపోతున్న అట్ట. వెనక 'సేకరణ: సుభానీ, నల్లపాడు' అని కూడా వేశారు. లోపల రికార్డు మధ్యలో గుండ్రటి కాగితం మీద అచ్చం పాతదానిలాగే, 'గానం: మిస్ లిడియా'.

సుభానీ ఫోన్ చేసి అడిగితే ప్రసన్నకుమార్ దాచలేదు. అచ్చుకి పంపే ముందు నాలుగుసార్లు పెన్ను పట్టుకున్నాడట, తల్లి పేరు మీద గీత గీయలేకపోయాడట. ఆ బాధ నాకు అర్థమైంది. ఒప్పుకోను, అంతే. ఒట్టు ఒట్టే.

పుల్లమ్మ రికార్డు చేతిలోకి తీసుకుని చదివింది. "అలాగా" అంది. తిరిగి ఇచ్చేసింది. మర్నాడు మామూలుగా పనికి వెళ్లింది.

ఆ రోజు నుంచి బెంగుళూరులో, బొంబాయిలో, హైదరాబాదులో ఎక్కడ ఎవరు ముల్లు పెట్టినా గిటారూ డ్రమ్ములే. గొంతు లేదు. ఎటు నుంచి లాగుతున్నారో ఆమెకి తెలుస్తూనే ఉంది. గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు గిల్లుకుంటూ, "లాగు నాయనా, లాగు" అంటుంది. పక్కనున్నవాళ్లు నవ్వుతారు.

అట్ట మీద పేరు చూసి జనం సుభానీకే ఫోన్ చేస్తారు.

"సార్, మా రికార్డులో గొంతు రావట్లేదండీ. అచ్చు తప్పా?"

"అచ్చు బాగానే ఉంది. ఆమె పాడట్లేదు."

"ఎందుకని?"

"మీ కాగితం మీద ఎవరి పేరుంది?"

"మిస్ లిడియా అనుందండీ."

"అయితే ఆవిణ్ణే పాడమనండి" అని పెట్టేస్తాడు.

ఒంగోలులో యాస్మిన్ అనే టీచరమ్మ మాత్రం ఫోన్ పెట్టనివ్వలేదు. సంగతంతా విని, వింటూనే పెన్ను తీసి, ఆ పేరు కొట్టేసి పక్కన పుల్లమ్మ పేరు రాసి, ముల్లు పెట్టింది. పుల్లమ్మ అప్పుడు మాలిక్ ఆటోలో ఉంది. ఈసారి లాగుడు తన పేరు పెట్టి పిలిచినట్టుంటే, ఒంగోలు వైపు తల తిప్పి, నవ్వుకుని అందుకుంది. యాస్మిన్ టీచరు బడి పిల్లలందరికీ వినిపించిందట.

అలా ఇప్పటికి ముప్పై ఒకటి పాడుతున్నాయి. అవి కూడా పనివేళ పాడవు, ఆదివారం పొద్దున అసలే పాడవు. ఆదివారం పొద్దున పుల్లమ్మ గుళ్లో ఉంటుంది. గుమ్మం బయట కాదు, లోపల. పాటల బృందంలో ముందు వరసలో. ఎవరూ పిలవలేదు, తనే వెళ్లి నిలబడింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని పుస్తకం అందించారు.

మిగతా నాలుగు వందల అరవై తొమ్మిది మూగగానే ఉన్నాయి. ప్రసన్నకుమార్ బాబూ, నువ్వు గీత గీయలేకపోతే మానెయ్, మీ అమ్మ పేరు పక్కనే ఒక కాగితం ముక్క అంటించి పంపు, సరిపోతుంది. ఈలోగా కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆ తప్పు మీ చేత్తో దిద్దండి. 'గానం: పుల్లమ్మ, జక్రయ్య కూతురు, నల్లపాడు' అని రాయాలి. పెన్సిలుతో వద్దు.